సంచి పంపిన కబురు

నేను ఒక గుడ్డ సంచిని. జానెడున్నర పొడుగు, సీసా పట్టేంత మూతి, భుజాన వేసుకోవడానికి ఒక పట్టీ. అంతే నా ఒళ్లు. నా పుట్టుక సంగతి కాసేపాగి చెబుతాను. ముందు కోటేశ్వరి భయం చెప్పాలి, ఎందుకంటే ఇదంతా ఆమె కోసమే మొదలుపెట్టాను.

కోటేశ్వరికి చచ్చిపోతానని భయం ఉంది. ఇరవై మూడేళ్ల పిల్లకు ఉండదా మరి? కానీ దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. తను బాగై ఇంటికి వెళ్లేసరికి కూతురు తనను మరిచిపోయి ఉంటుందని. ఈ మాట డాక్టరమ్మకు చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, అత్తకు అసలే చెప్పలేదు. ఖాసింబీతో ఒక్కసారి అంది. నేను అక్కడే మేకుకు వేలాడుతున్నాను కాబట్టి నా చెవిన పడింది.

ఖాసింబీ అంటే నన్ను కుట్టిన మనిషి. చీరాలలో జాకెట్లు కుట్టేది. ముప్ఫై ఏళ్లుగా ఆ వీధి ఆడవాళ్ల కొలతలన్నీ ఆమె తలలోనే ఉండేవి. ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు చిక్కిపోయారో, ఎవరికి నెల తప్పిందో ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆమెకే తెలిసేది. తన కొలత తేడా వచ్చిన సంగతి మాత్రం అందరికంటే ఆలస్యంగా తెలుసుకుంది. ఏడేళ్ల కిందట గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఆమెకు కుడి రొమ్ము మొత్తం తీసేశారు.

ఆ ఆపరేషన్ అయ్యాక చంక కింద నుంచి సన్నటి గొట్టం ఒకటి బయటికి వస్తుంది. దాని చివర ఒక ప్లాస్టిక్ సీసా. లోపల గాయంలో ఊరే నీరంతా అందులోకి దిగుతుంది. మొదట ఎర్రగా, తర్వాత టీ నీళ్ల రంగులో, చివరికి పసుపుపచ్చగా. పది పన్నెండు రోజులు ఆ సీసా మనిషిని వదలదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఒకామె పాలిథిన్ కవర్లో వేసి చేతికి తగిలించుకుంటుంది, ఇంకొకామె కుచ్చిళ్ల దగ్గర దోపుకుంటుంది. ఖాసింబీ కొంగుకు ముడేసుకుంది. మూడో రోజు స్నానాలగది తలుపు గడియకు ఆ గొట్టం తగులుకుంది. ఆమె పెట్టిన కేకకు పై అంతస్తులో నర్సులు కూడా దిగొచ్చారట. మంచం మీద పడుకుని ఏడుస్తూ ఏడుస్తూనే, మధ్యలో ఆపి, సీసాను జానతో కొలిచింది. పొడుగెంత, చుట్టుకొలతెంత, మెడెంత. అచ్చం జాకెట్టు కొలిచినట్టే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు చెయ్యి పైకెత్తడం అలవాటు చేసుకోమన్నారు, రోజూ గోడమీద వేళ్లు పాకించమన్నారు. "గోడలు పాకటానికి నేనేమన్నా బల్లినా?" అని ఖాసింబీ పోయి మిషను ముందు కూర్చుంది. మొదట కుట్టింది నన్నే. పైన ఆమె మొగుడి పాత గళ్ల లుంగీ, లోపల జాకెట్లకు వేసే లైనింగు గుడ్డ. నా పట్టీ కుట్టు ఒకచోట వంకర పోయి ఉంటుంది. ఆ రోజు ఆమె చెయ్యి అంతవరకే లేచింది.

నన్ను తీసుకుని ఆమె మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చింది. ఆసుపత్రి వెనక పేషెంట్లు దిగే సత్రం ఒకటుంది. దాని వరండాలో ఒక పాత మిషను వేసుకుని ఇప్పటికీ వారానికి నాలుగు రోజులు కూర్చుంటుంది. ఒకవైపు తీసేసిన ఆడవాళ్లకు జాకెట్లు సరిచేసి ఇస్తుంది. లోపల ఒక జేబు, అందులో దూది, బరువు కోసం గుప్పెడు ఆవాలు. ఆమె తల వెనక గోడకు ఒక మేకు. అదే నా ఇల్లు. ఎవరికి ఆపరేషన్ అయితే వాళ్ల భుజానికి వెళతాను, సీసా తీసేశాక ఉతికించుకుని, ఎండలో ఆరి, మేకు మీదికి తిరిగొస్తాను.

మొట్టమొదట నన్ను వేసుకున్నది పున్నమ్మ. ప్రత్తిపాడు వైపు మిరప తోటల మనిషి. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. డాక్టరమ్మ ఆమె ముందు రెండు దారులు పెట్టింది. మొత్తం తీసేయడమా, గడ్డవరకే తీసి మిగతాది ఉంచి కరెంటు పెట్టించుకోవడమా. రేడియేషన్‌ను ఇక్కడ అందరూ కరెంటు అనే అంటారు. పున్నమ్మ వచ్చి ఖాసింబీని అడిగింది. ఖాసింబీ రవ్వంతైనా ఆలోచించకుండా, "నీది చిన్న గడ్డే, ఉంచుకో పిన్నీ, నాకు మల్లే ఎందుకు పోగొట్టుకుంటావు," అంది. పున్నమ్మ ఉంచుకుంది. ఇరవై అయిదు రోజుల కరెంటులో తొమ్మిది రోజులు అయ్యేసరికి తోట కోతకొచ్చింది. నాలుగు రోజుల్లో వస్తానని వెళ్లింది. రెండేళ్లకు వచ్చింది, అదే వైపు, అదే చోట గడ్డతో. ఈసారి మొత్తం తీసేశారు. నేను రెండోసారి అదే భుజానికి ఎక్కాను. సంచులకు సిగ్గు ఉండకూడదు గానీ ఆ రోజు నాకు సిగ్గేసింది.

పున్నమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఖాసింబీ మాత్రం రెండు నెలలు మిషను తొక్కలేదు. తర్వాత వచ్చి కూర్చుని ఒక రూలు పెట్టింది. నన్ను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు, మనం ఏం చేసుకున్నామో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏం చెయ్యాలో మాత్రం చెప్పకూడదు. వినడానికి ఇది చిన్న రూలే. కానీ మనుషులకు ఇదెంత కష్టమో నేను మేకు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. గాయమైనా మానుతుంది గానీ, నాలుక చివరికి వచ్చిన సలహా వెనక్కి పోదు. కొందరైతే పైట నోట్లో కుక్కుకుని కూర్చునేవాళ్లు.

నన్ను వేసుకున్న వాళ్లలో బాపట్ల హైమావతి టీచర్ని మరిచిపోలేను. ఆమె గడ్డవరకే తీయించుకుంది, కరెంటు ఒక్కరోజు మానకుండా పెట్టించుకుంది. సీసాలో నీరు రోజుకు ముప్ఫై ఎమ్మెల్‌కి తగ్గితేనే గొట్టం తీస్తారు. ఆమె ప్రతి ఉదయం కొలిచి నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో వేసుకునేది. "నలభై అయిదు. ఇంకా పాస్ కాలేదు," అనేది. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్నామె నన్ను చూసి, "క్యారేజీనా అండీ? ఏం కూర?" అంటే, టీచర్ ఏమాత్రం తడుముకోకుండా, "దోసకాయ పప్పు," అంది. ఆ రోజు నా లోపల ఉన్నదేమిటో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇలా పదిహేనుమంది అయ్యాక కోటేశ్వరి వచ్చింది.

మే నెల. వేటపాలెం నుంచి వచ్చారు. మొగుడు అంజిబాబు ట్రాలీ ఆటో తోలుతాడు, అత్త సుబ్బరావమ్మ మగ్గం నేస్తుంది. కూతురు మోక్షితకు పద్నాలుగు నెలలు, ఇంకా పాలు తాగుతున్న పిల్ల. అక్కడే అసలు పొరపాటంతా జరిగింది. ఎడమ వైపు గడ్డ చేతికి తగిలినప్పుడు అందరూ పాలు గడ్డకట్టాయనే అనుకున్నారు. సుబ్బరావమ్మ ప్రేమగా వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టింది. రోజూ పొద్దున, సాయంత్రం, నాలుగు నెలలు. పిల్లను ఆ వైపే ఎక్కువ తాగించమంది, కరిగిపోతుందని. పాపం, ఆవిడ చేతిలో తప్పేమీ లేదు. ఆ వీధిలో ఏ తల్లికి గడ్డ కట్టినా అదే చేశారు, అందరికీ తగ్గింది.

కోటేశ్వరి తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసింది. ఆసుపత్రిలో బోర్డులన్నీ పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివేది. సత్రంలో పసిపిల్లల్ని ఉండనివ్వరు, జబ్బు మనుషుల మధ్య పిల్లలకు మంచిది కాదని. అందుకని మోక్షిత నాయనమ్మ దగ్గర ఉండిపోయింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, కాగితం మీద రెండు గుండ్రాలు గీసి, గురువారానికి ఏ సంగతో చెప్పమంది. అది శుక్రవారం. ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని కోటేశ్వరి వరండాలోకి వచ్చి కూర్చుంది.

ఆ పూట వరండాలో ముగ్గురున్నారు. ఖాసింబీ మిషను దగ్గర, పున్నమ్మ, హైమావతి టీచర్ చాప మీద. ఇద్దరూ చెకప్‌కు వచ్చారు. సత్రం వంటకు గోంగూర ఆకు దూస్తున్నారు.

"ప్రాణానికి రెండూ ఒకటేనంట అక్కా," అంది కోటేశ్వరి. "గడ్డవరకే తీస్తే ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టించుకోవాలంట, ఒక్కటి కూడా మానకుండా. మొత్తం తీస్తే కరెంటు అక్కర్లేకపోవచ్చంట. కీమో ఎటైనా తప్పదంట."

"సరే," అంది ఖాసింబీ.

"రెండూ ఒకటే అయినప్పుడు నన్నెందుకు అడగాలి? అంత చదివినావిడ, ఆవిడకి తెలీదా?"

హైమావతి టీచర్ నవ్వింది. "నేను ఎమ్మే చదివానే తల్లీ. నాకూ ఆ రోజు అదే అనిపించింది."

"మీ ఆయనేమంటున్నాడు?" అని పున్నమ్మ.

"నీ ఇష్టం అంటున్నాడు పిన్నీ."

"మా ఆయనా అదే అన్నాడు. తోట కోతకొచ్చినప్పుడు మాత్రం ఇష్టం ఆయనదయింది."

ఈ 'నీ ఇష్టం' అనే మాట నేను చాలామంది మగవాళ్ల నోట విన్నాను. వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. నాకు భయమేస్తోంది, నన్ను అడగొద్దు అని దాని అర్థం.

ఒక్కొక్కరూ తమది చెప్పారు. ఖాసింబీ మొత్తం తీయించుకున్నానంది, మొదటి ఏడాది అద్దానికి గుడ్డ కప్పానంది, తర్వాత ఏ రోజు తీసేశానో తనకే గుర్తులేదంది. టీచర్ ఉంచుకున్నానంది, కరెంటు పెట్టిన చోట చర్మం కమిలి నల్లబడిందని, ఆ వేసవంతా పైట కూడా మోయలేకపోయానని చెప్పింది. పున్నమ్మ వంతు వచ్చింది.

"నేనూ ఉంచుకున్నా. తొమ్మిది రోజులు పెట్టించుకుని, పదోరోజు బస్సెక్కా. రెండేళ్లకి అది మళ్లీ వచ్చింది. ఉంచుకోవటం తప్పు కాదే అమ్మాయ్, మధ్యలో లేచి పోవటం తప్పు."

"పిన్నీ! చెప్పమాక అన్నానా?" అని ఖాసింబీ కసిరింది.

"ఏం చెప్పా? నాది చెప్పా!"

"అయితే నన్నేం చెయ్యమంటారు?" అని కోటేశ్వరి ముగ్గురి మొహాల్లోకీ చూసింది. ముగ్గురూ గోంగూర వైపు చూశారు. మిషను దగ్గర కూర్చున్న ఖాసింబీ కూడా.

శని, ఆది, సోమ. కోటేశ్వరి ఆ కాగితం విప్పడం, మడవడం. ఒకసారి మొత్తం తీయించేసుకుంటానంటుంది. గంట తిరక్కుండానే, "ఉంచుకుంటేనే మంచిదేమోలే," అంటుంది. ఫోన్లో మోక్షితను చూపిస్తే పిల్ల తెరను నాకేది. కోటేశ్వరి ఇటువైపు నుంచి తెర తుడుచుకునేది, ఆ తడి తన వైపుకు వచ్చినట్టు.

మంగళవారం అంజిబాబు వచ్చి తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు ఇచ్చి వెళ్లాడు. సుబ్బరావమ్మ పంపింది. ఆపరేషన్‌కు ముందే పాలు మాన్పించాలని డాక్టరమ్మ చెప్పిందట. మా వైపు పాలు ఎండిపోవాలంటే రొమ్ముకు మల్లెపూలు కడతారు. ఆ మధ్యాహ్నం ఖాసింబీ కొత్త జాకెట్టు కొలత తీద్దామని కోటేశ్వరిని నిలబెట్టింది. టేపు వేస్తూ జడ వైపు చూసింది.

"రొమ్ముకి కట్టమని పంపిస్తే జడలో తురిమావేందే?"

"వాసన బాగుందని," అంది కోటేశ్వరి నేల చూస్తూ.

ఖాసింబీ టేపు జారవిడిచింది. ముప్ఫై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. లోపలి గుడ్డ తడిగా ఉందంటే అది చెమటో పాలో ఆమెకు వేరే చెప్పాలా? ఆ తడి ఎండిపోతున్న పాలది కాదు. రోజూ పిండుతున్న పాలది.

"ఎన్ని రోజుల నుంచి పిండుతున్నావు?"

కోటేశ్వరి బావురుమంది. వచ్చిన రోజు నుంచీ, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, స్నానాలగదిలో గోడవైపు తిరిగి పిండి పారబోస్తోంది. ఆగిపోకుండా చూసుకుంటే, ఇదంతా అయ్యాక ఇంటికి వెళ్లి మళ్లీ పట్టొచ్చని. అప్పుడు చెప్పింది, తన భయం. "అది నన్ను పాలతోనే గుర్తుపడుద్దక్కా. మొహం చూసి కాదు. చీకట్లో కూడా వాసనపట్టి వచ్చేస్తది. పాలు లేకపోతే నేనెవరో దానికి ఎట్టా తెలుస్తది? నన్ను మర్చిపోద్ది."

ఖాసింబీ పెదాలు కదిలాయి. రూలు గుర్తొచ్చి ఆగాయి. చివరికి సలహా చెప్పకుండా ప్రశ్న ఒకటి అడిగింది. అడగడం రూలుకు విరుద్ధం కాదు కదా.

"నువ్వు ఉంచుకుందామంటున్నది దేన్ని? రొమ్మునా, పాలనా?"

కోటేశ్వరి జాకెట్టు మీద తడిని కొంగుతో ఒత్తుకుంది.

"డాక్టరమ్మ పాల సంగతి ఏం చెప్పింది?"

"కరెంటు పెట్టిన వైపు ఇంక పెద్దగా రావంట. మందులు ఎక్కించినన్నాళ్లు రెండోవైపు కూడా పట్టకూడదంట."

"మరి విన్నావుగా."

"విన్నా గానీ, విన్నట్టు లేదక్కా."

మర్నాడు, బుధవారం, సుబ్బరావమ్మ పిల్లను తీసుకొచ్చింది. లోపలికి రానివ్వరు కాబట్టి వరండా అరుగు మీదే కూర్చున్నారు. మోక్షిత తల్లిని చూడగానే రెండు చేతులూ చాచి, చెవులు చిల్లులు పడేలా అరిచి, ఒళ్లోకి దూకింది. ఐదు రోజులకే మరిచిపోతుందనుకున్న పిల్ల. కోటేశ్వరి ముందే లోపలికి వెళ్లి డాక్టరమ్మను అడిగొచ్చింది, గడ్డ లేని వైపు ఒక్కసారి పట్టొచ్చా అని. పట్టమంది. కోటేశ్వరి కొంగు కప్పింది. గుటకల చప్పుడు వరండా అంతా వినిపించింది. తాగి తాగి పిల్ల నిద్రపోయింది, పోతూ పోతూ చెయ్యి పాకించి గడ్డ ఉన్న వైపు రొమ్ము మీద పరిచింది. రోజూ అలాగే పడుకుంటుందట. ఇటువైపు తాగుతున్నా చెయ్యి మాత్రం అక్కడే ఉండాలట.

కోటేశ్వరి చాలాసేపు ఆ చేతినే చూసింది. గంటసేపు కదల్లేదు. సుబ్బరావమ్మ, "కాలు తిమ్మిరెక్కుద్దే, ఇటియ్యి," అన్నా ఇవ్వలేదు.

వాళ్లు వెళ్లిపోయాక ఖాసింబీ దగ్గరికి వచ్చి జడలో పూలు తీసి ఇచ్చింది. వాడిపోయి ఉన్నాయి. "రేపు కొత్తవి తెప్పించి కట్టక్కా. పాలు ఆపేస్తా," అంది. "రొమ్ము మాత్రం ఉంచుకుంటా. పాలకి కాదు. దాని చేతికి," అంది.

ఖాసింబీ మంచిదనలేదు, చెడ్డదనలేదు. పూలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టి మిషను తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదు. నేను చూశాను.

గురువారం డాక్టరమ్మకు చెప్పింది. తర్వాతి వారం ఆపరేషన్ చేశారు. చంకలో గ్రంథులు కూడా కొన్ని తీశారు కాబట్టి గొట్టం, సీసా తప్పలేదు. అలా నేను పదహారో భుజానికి వెళ్లాను. ఉంచుకున్నా, తీయించుకున్నా నా అవసరం పడుతూనే ఉంటుంది. అందుకే ఈ గొడవలో నేను ఎవరి పక్షమూ కాదు.

ఆ పన్నెండు రోజుల్లో ఒకటి చెప్పాలి. మూడో రోజు కోటేశ్వరిని నడవమన్నారు. నన్ను వేసుకుంటే భుజం లాగుతోందని మూలిగింది. అంజిబాబు నన్ను తీసి తన భుజాన వేసుకున్నాడు. గొట్టం మాత్రం ఆమెకే ఉంది కదా. మూర కంటే దూరం పోవడానికి లేదు. ఆమె ఆగితే ఆగాలి, ఆమె తిరిగితే తిరగాలి. ట్రాలీ ఆటోను సందుల్లో దూసుకుపోయే మనిషి, వార్డు పొడుగునా చీమలా నడిచాడు. ఎవరో ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. "ఏం నవ్వుతారు? మా పెళ్లప్పుడు కొంగుముడి వేసినా ఇంత దగ్గరగా నడవలా," అన్నాడు. కోటేశ్వరి నవ్వితే కుట్లు లాగి, తిట్టింది. నీ ఇష్టం అన్న మనిషి మీద నాకున్న కోపం ఆ రోజు సగం పోయింది.

సీసా తీసేశారు. ఉతికి, ఆరబెట్టి, నన్ను మేకుకు తగిలించి ఆమె వెళ్లిపోయింది. తర్వాత మూడు వారాలకొకసారి కీమోకు వచ్చేది. జుట్టు పోయింది. నోరు పూసి కారం తినలేకపోయేది. కానీ పూట ఉండి ఇంటికి పోయేది, మోక్షితతో ఉండేది. గుండు చూసి పిల్ల ఏడవలేదని, దాని మీద దరువేస్తోందని చెప్పి నవ్వేది. అవన్నీ గట్టెక్కింది.

నవంబరులో కరెంటు మొదలైంది. రోజూ వేటపాలెం నుంచి వచ్చి పోయే ఓపిక లేదు. సత్రంలోనే ఉండాలి, ఇరవై అయిదు రోజులు, శని ఆదివారాలు సెలవులు పోను అయిదు వారాలు. పిల్లను తీసుకురావడానికి లేదు. మొదటి వారం ఫోన్లో మోక్షిత "అమ్మా, రా," అనేది. ఇరవై నెలల పిల్ల, మాటలు వచ్చాయి. రెండో వారం తెరలో కనపడి ఆటకు వెళ్లిపోయేది. నాలుగో వారం శుక్రవారం, పద్దెనిమిదో కరెంటు అయిన సాయంత్రం, కోటేశ్వరి వరండాలో కూర్చుని ఫోన్ చేసింది. మధ్యలో కరెంటు పెట్టే మిషను రెండు రోజులు పాడై ఆలస్యమైంది గానీ లెక్కకు పద్దెనిమిది. సుబ్బరావమ్మ ఫోను పట్టుకుని, "ఇదిగో, అమ్మతో మాట్లాడు," అంది. పిల్ల తెర వైపు తిరగలేదు. నాయనమ్మ మెడ పట్టుకుని, ఆమె మొహంలోకి చూస్తూ, "అమ్మ," అంది. సుబ్బరావమ్మ కంగారుపడింది. "నేను కాదే, అదుగో అమ్మ." పిల్ల నవ్వి మళ్లీ ఆవిడనే అంది, "అమ్మ."

కోటేశ్వరి ఫోను పెట్టేసి కరెంటు కమిలిన చోట చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి బట్టలు సర్దింది.

"రెండ్రోజులు పోయొస్తా అక్కా. ఆదివారం సాయంత్రం బస్సెక్కుతా," అంది.

ఖాసింబీ నోరు తెరిచింది. మూసింది. రూలు తను పెట్టిందే. ఆ క్షణం ఆ రూలును చింపి పారేయాలని ఆమె మొహం నిండా ఉంది. కానీ ఒకరికి సలహా చెప్పి, ఏమైందో ఒకసారి చూసిన మనిషి. "జాగ్రత్త," అని మాత్రం అంది.

సోమవారం కోటేశ్వరి రాలేదు. మంగళవారం రాలేదు. ఫోను స్విచాఫ్. అంజిబాబుకు చేస్తే, "రేపు పంపిస్తా అక్కా, పిల్ల వదలట్లా," అన్నాడు. మర్నాడూ అదే మాట. ఆ తర్వాత ఎత్తడం లేదు.

పున్నమ్మకు కబురు తెలిసి ఫోన్లోనే విరుచుకుపడింది. "ఆ రూలు నువ్వే దాచుకో ఖాసింబీ. నన్ను ఉంచుకోమని చెప్పినందుకు నేనెప్పుడన్నా నిన్ననుకున్నానా? పోతున్న రోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని ఆపలా. నాకుంటే ఆ బాధే ఉంది." ఈ మాట ఇన్నేళ్లలో మొదటిసారి అంది. తనే వేటపాలెం పోదామనుకుంది గానీ చెయ్యి వాచి, జ్వరమొచ్చి మంచం దిగలేకపోతోంది.

ఖాసింబీ ఫోను పెట్టేసి తిన్నగా సత్రం మేనేజరు దగ్గరికి వెళ్లింది. అరగంట వాదించింది. వరండా చివర విడిగా తలుపున్న గది ఒకటి ఖాళీగా ఉంది. అందులో పిల్ల, నాయనమ్మ, కోటేశ్వరి ముగ్గురూ ఉండడానికి ఆయన ఒప్పుకున్నాడు. మిగిలిన ఏడు కరెంట్లు అయ్యేదాకా. గది కడిగించింది, పిల్ల పడకకు పాత చీరలతో బొంత కుట్టింది. డాక్టరమ్మను కూడా అడిగొచ్చింది. కొన్ని రోజులు తప్పినా సరిచేస్తాం, కానీ ఎన్ని రోజులు పోతే అంత కష్టం, వెంటనే రమ్మనండి, అందట. ఇవన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఉన్నాయని కోటేశ్వరికే తెలియదు.

ఆమె రావలసిన సోమవారం నుంచి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. రేపు ఆపరేషన్ అయ్యే ఇద్దరు ఆడవాళ్లు ఖాసింబీని నమ్ముకుని ఉన్నారు, ఒకామెకు ఎవరూ లేరు, వదిలి వెళ్లలేకపోతోంది. నేను సంచిని, భుజం లేకుండా గడప దాటలేను. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను.

మీలో ఎవరైనా చీరాల వైపు వెళ్లే పని ఉంటే, లేకపోయినా కల్పించుకుని, వేటపాలెంలో దిగండి. మగ్గాల వీధిలో పసుపురంగు ట్రాలీ ఆటో ఉన్న ఇల్లు. అంజిబాబు ఇల్లంటే చెబుతారు. కోటేశ్వరి ఎట్లా ఉందో చూడండి. కోప్పడకండి, పున్నమ్మ కథ చెప్పి బెదిరించకండి, అది ఆమెకు తెలుసు. పిల్లను ఒళ్లో పెట్టుకునే ఉంటుంది, దించమనకండి. పిల్లతో సహా రమ్మన్నారని చెప్పండి. గది ఉందని చెప్పండి. ఏడే మిగిలాయని చెప్పండి. ఆమె చెప్పులు వేసుకునేదాకా కాస్త అక్కడే నిలబడండి.